ఉప్పునీరా... మంచినీరా?

ఏప్రిల్ 15 వచ్చిందంటే తూర్పు తీరంలో మరబోట్లన్నీ వేట ఆపేసి గట్టు చేరాల్సిందే. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్ 14 దాకా నిషేధం. ఒకప్పుడు 47 రోజులుండేది, 2015 నుంచి 61 రోజులైంది. అంతర్వేది పల్లిపాలెం రేవులో ఆ రెండు నెలలూ సుత్తుల చప్పుడే. చెక్కల సందుల్లో నార కూరేవాళ్లు, రంగులేసేవాళ్లు, చిరిగిన వలలు అల్లేవాళ్లు... అందరి కళ్లూ పడవ ఒంటిమీదే. ఇంజను వెనకాల మసిబారి పడి ఉండే పొగగొట్టం సంగతి ఎవరికి కావాలి? అది కారేదాకా దాని మొహం చూసేవాడుండడు.

మా మావయ్య బోటుది కారింది.

కొన్నాళ్లుగా ఇంజను తియ్యగానే తెల్లటి పొగ. గొట్టం మొదట్లో చుక్కచుక్కగా నీళ్లు. పొద్దున్నే స్టార్టు చేస్తే ఒక్కోసారి 'టక్' మని ఆగిపోవటం. పట్నంలో ఓ వర్క్‌షాపుకి ఫోనులో ఫొటోలు పంపితే, 'హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దింపాలి' అని తేల్చేశారట. మావయ్య గుండెలో రాయి పడింది. హెడ్ దింపటమంటే మాటలా! నిషేధం రోజుల్లో పైసా రాబడి ఉండదు. పైగా బోటు మీద అప్పు. అమ్మేద్దామా అనేదాకా వెళ్లాడు. సరిగ్గా అప్పుడే నేను సెలవు పెట్టి ఊరెళ్లాను.

రేవులో పంటు ఇంజన్లు చూసిన ఓ పెద్ద మేస్త్రి ఉన్నాడంటే పిలిపించాం. అరవై దాటిన మనిషి. లుంగీ ఎగ్గట్టి ఇంజను పక్కన గొంతుక్కూర్చుని, వర్క్‌షాపువాళ్ల మాట విని నవ్వాడు.

"ఆయ్, జొరమొచ్చిందని తలకాయ తీసేత్తారేటండీ? ముందు నాడి చూడాల కదండీ!"

ఆ నాడి చూడటం ఏమిటో అర్థం కావాలంటే గొట్టం కథ కొంచెం తెలియాలి. చాలా మరబోట్లకు లారీలకున్నట్టు పొగగొట్టం నిట్టనిలువుగా పైకి ఉంటుంది. అది పొడి పద్ధతి. మావయ్య కొన్న పాత బోటుది తడి పద్ధతి. ఇందులో రెండు నీళ్లు. ఒకటి మంచినీరు. ఇంజను లోపల, పొగ బయటకొచ్చే మ్యానిఫోల్డు చుట్టూ తిరిగి వేడిని లాగుతుంది. రెండోది సముద్రం నీరు. పంపు దాన్ని కిందనుంచి తోడి తెస్తుంది. అది మంచినీటిని చల్లార్చి, ఆ తర్వాత ఎల్బో అనే వంకర గొట్టంలో పొగతో కలిసి, దాన్నీ చల్లార్చి, దాంతోపాటే పడవ వెనకనుంచి బయటికి పోతుంది. లోడు మీద డీజిలు ఇంజను పొగ 400 డిగ్రీలు దాటటం మామూలే. ఈ నీళ్లు కలవబట్టే ఎల్బో తర్వాత రబ్బరు గొట్టం పెట్టినా కాలిపోకుండా ఉంటుంది.

అంటే, గొట్టంలో నీళ్లుండటం జబ్బు కాదు. ఉండకూడని చోటుకి రావటమే జబ్బు.

మేస్త్రి మొదట చేసిన పని ఇంజను ఆపించి, గొట్టమంతా గుడ్డతో పొడిగా తుడిపించటం. తర్వాత మావయ్య ఇంటినుంచి తెప్పించిన సరంజామా చూసి నేను ఆశ్చర్యపోయాను. గుప్పెడు ముగ్గుపిండి! అతుకుల మీద, క్లిప్పుల మీద, ఎల్బో మీద పల్చగా చల్లాడు. కారే నీరు కిందికి జారి ఎక్కడో చుక్కగా పడుతుంది. చుక్క పడ్డ చోట చిల్లు ఉండదు. పొడి మీద మొదట తడిసే చోటే అసలు దొంగ.

ఇక రెండో ప్రశ్న, ఎప్పుడు కారుతోంది? ఇంజను ఆగి ఉన్నప్పుడు కూడా కారితే సముద్రం నీరు తనంతట తనే లోపలికి జారుతున్నట్టు. నడిచేటప్పుడు మాత్రమే అయితే పంపు తోపుడుకి ఎక్కడో లొంగుతున్నట్టు. మావయ్య బోటుకి నడిపిన ఐదు నిమిషాలకు ఎల్బో అంచున పిండి తడిసింది.

మూడో ప్రశ్న అసలైనది. ఏ నీరు? ఎల్బో విప్పితే మ్యానిఫోల్డు మూతిలో చెంచాడు నీళ్లు నిలిచి ఉన్నాయి. నాలిక మీద వేసుకుంటాడేమో అనుకున్నాను. కూలెంటు కలిసి ఉంటే అది విషం, నోట పెట్టకూడదన్నాడు. పాత రేకుముక్కని స్టవ్ మీద కాల్చి రెండు చుక్కలు వేశాడు. సుయ్‌మని ఆవిరైపోయి తెల్లటి ఉంగరం మిగిలింది.

"ఉప్పండీ. మీ హెడ్ గంగలా ఉంది."

లోపలి మంచినీరైతే ఉప్పు మిగలదు. అప్పుడు హెడ్ గ్యాస్కెట్‌నో, మ్యానిఫోల్డు పగులునో అనుమానించాలి. ఇంజనాయిలు గేజి తీసి చూపించాడు, నల్లగానే ఉంది. నీళ్లు కలిస్తే పాలెక్కువైన టీలా అవుతుందట. ఇక్కడో తిరకాసుంది. ఈ రేకుముక్క పరీక్ష ఎండాకాలంలోనే పనికొస్తుంది. అప్పుడు సముద్రప్పోటు వశిష్ఠలోకి ఎక్కి రేవులో నీరు ఉప్పగా ఉంటుంది. అదే ఆగస్టులో ధవళేశ్వరం గేట్లెత్తి ఎర్రనీరు దిగితే బయటి నీరూ తియ్యనే. పైగా ఆ ఒండ్రు పంపులోని రబ్బరు రెక్కల్ని అరగదీస్తుంది. నీరు చాలక ఎల్బో కాలిపోతుంది. మా కోనసీమలో నదికి కాలానికో రుచి, ఇంజనుకి కాలానికో రోగం!

ఎల్బోని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. లోపలి గోడ జల్లెడే. ఉప్పు, వేడి, డీజిలులోని గంధకం వల్ల పుట్టే ఆమ్లం, మూడూ కలిసి తినేశాయి. చిల్లులోంచి సముద్రం నీరు ఇంజను వైపు వెనక్కి జారుతోంది. రాత్రంతా అలా జారి, తెరిచి ఉన్న కవాటంలోంచి సిలిండర్లో చేరితే? గాలిని నొక్కినట్టు నీటిని నొక్కలేం. పొద్దున్నే ఆ 'టక్' అందుకే. గట్టిగా తిప్పి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగేది. అది మొగ దగ్గర, అన్నాచెల్లెళ్ల గట్టు పక్కన, కెరటాల్లో జరిగి ఉంటే... మావయ్య ఆ మాట వినలేక అటు తిరిగాడు.

అలా నీరు చేరిందని అనుమానమొస్తే సెల్ఫు కొట్టకూడదు. ఇంజెక్టర్లు విప్పి చేత్తో తిప్పితే నీరంతా చిమ్మేస్తుంది. వెంటనే ఆయిలు మార్చాలి. ఇంజను అందుకోక పదేపదే సెల్ఫు కొట్టేవాళ్లు ముందు సముద్రం నీటి వాల్వు కట్టేయాలి. పొగ తోపుడు లేకుండా పంపు తోడిన నీరు ఎటూ పోలేక వెనక్కే వస్తుంది. అయితే ఇంజను అందుకోగానే ఆ వాల్వు తెరవటం మరిచిపోకూడదు.

వెల్డింగు వేయిద్దామని మావయ్య ఆశపడ్డాడు. జల్లెడకి మాటెయ్యటం దండగన్నాడు మేస్త్రి. నిజమే, మాటు పక్కనే రేపు ఇంకో చిల్లు. కొత్త ఎల్బో, కొత్త గ్యాస్కెట్టు, గట్టిపడిన రబ్బరు గొట్టం బదులు కొత్తది, ఒక్కో చివర రెండేసి స్టీలు క్లిప్పులు. సముద్రం నీటి పైపుని నీటిమట్టానికి బాగా పైదాకా ఎత్తి వంచి, ఆ వంపు నెత్తిన గాలి పీల్చే చిన్న వాల్వు పెట్టాడు. లేకపోతే ఇంజను ఆగాక కూడా నీరు తనంతట తనే లాక్కుని వస్తుందట. రెండు రోజుల పని. హెడ్ మీద చెయ్యి పడలేదు.

పని సగంలో ఉండగా ఆయన పాత గొట్టం అతుకు దగ్గర నల్లటి చారలు చూపించి, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటారని అడిగాడు. పక్కనున్న చెక్కగదిలో, చలికాలమైతే తలుపులు బిగించుకుని, నలుగురూ అక్కడేనట. పొద్దున్న లేస్తే తలపోటు, వికారం. డీజిలు వాసన పడకనుకున్నారు. నీరు కారే చోట పొగా కారుతుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. నెత్తుటిలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. పెట్రోలు ఇంజన్లతో పోలిస్తే డీజిలులో ఇది తక్కువే కానీ, మూసిన గదిలో ఆ తక్కువా ప్రాణం తీయగలదు. ఇంజను నడుస్తుండగా పడుకుంటే గదిలోకి గాలాడాలి. మేస్త్రి మొహంలో అంతసేపూ ఉన్న నవ్వు ఇది చెప్పేటప్పుడు లేదు. అంత పెద్ద సంగతి వర్క్‌షాపువాళ్ల ఫొటోల్లో ఎక్కడ కనిపిస్తుంది?

మా అత్త ఆ సాయంత్రమే మనిషిని పెట్టి గదికి రెండు వైపులా కిటికీలు కోయించింది. మావయ్య వానజల్లు పడుతుందని గొణిగినా వినలేదు.

జూన్ 15 తెల్లవారుజామున బోటు మొగ దాటింది. నాలుగో రోజు ఫోను చేస్తే మావయ్య చేపలు పడలేదని, డీజిలు ఖర్చు కూడా రాలేదని పావుగంట తిట్టుకున్నాడు. తలపోటు ఎలా ఉందని అడిగితే, "అదిప్పుడు లేదురా" అని మళ్లీ చేపల దగ్గరికే వెళ్లిపోయాడు.