ప్లానులో లేని ఖాళీ రోజు

అండమాన్ దీవుల్లో అన్నిటికన్నా ఎత్తయిన చోటు డిగ్లీపూర్ దగ్గరి శాడిల్ పీక్. ఎత్తు 732 మీటర్లు. గ్రేట్ నికోబార్‌లోని మౌంట్ థుల్లియర్ అంతకంటే పొట్టిది, 642. కేదారనాథ్ గుడి 3,583 మీటర్ల మీద ఉంది, అమర్‌నాథ్ గుహ 3,888 మీద. కైలాస ప్రదక్షిణలో దాటాల్సిన డోల్మా కనుమ 5,600 పైమాటే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. వీరిలో చాలామంది పెద్దలు ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడెక్కి వచ్చినవారు. కెరటాల చప్పుడు వినిపించేంత దూరంలో పుట్టి పెరిగిన మనిషి హిమాలయ యాత్రకు బయల్దేరితే, ఆ శరీరానికి కొత్తగా పరిచయం కావలసింది మంచు కాదు, పల్చటి గాలి.

యాత్ర ప్లాను మాత్రం ఎవరిదైనా ఒకేలా ఉంటుంది. రూళ్ల నోటుబుక్కులో ఒక పేజీ. ఒకటో రోజు ఫ్లైటు, చెన్నై. రెండో రోజు ఢిల్లీ, రాత్రి బస్సులో హరిద్వార్. మూడో రోజు గుప్తకాశి. నాలుగో రోజు హెలికాప్టర్, దర్శనం, రాత్రి అక్కడే బస. ఆ కింద సామాను జాబితా: మంకీ క్యాపులు 4, ఆవకాయ, పులిహోర పొడి, కర్పూరం బిళ్లలు, అన్నిటికీ అడుగున ‘మాత్రలు’. మాత్రల పేర్లుండవు. అంతకన్నా ముఖ్యమైనది, ఖాళీ రోజు, అసలే ఉండదు. ఎల్‌టీసీ సెలవు లెక్కపెట్టిన రోజులు, మెయిన్‌ల్యాండ్‌కు రానూపోనూ టిక్కెట్లకు బోలెడు ఖర్చు. ఇంత ఖర్చుపెట్టి వెళ్లి ఒక రోజంతా లాడ్జిలో ఊరికే కూర్చోమంటే ఎవరికైనా చిరాకే. ఆ చిరాకు ముందు వైద్యుడి మాట నిలవదు.

ఊరికే కూర్చున్న ఆ రోజు శరీరం ఊరికే ఉండదు. గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా నూటికి ఇరవై ఒకటే. తగ్గేది గాలి ఒత్తిడి. మూడున్నర వేల మీటర్ల మీద ఒక్కో శ్వాసకు దక్కేది సముద్రమట్టంలో దక్కేదానిలో సుమారు మూడింట రెండు వంతులు. అయిదున్నర వేల మీద సగం. దాన్ని తట్టుకోవడానికి ఊపిరి వేగం పెరుగుతుంది, మూత్రపిండాలు రక్తంలోని క్షారాన్ని బయటికి పంపి ఆ వేగానికి దారి ఇస్తాయి. ఈ పనికి రోజులు పడతాయి. డబ్బు, భక్తి, కండబలం ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. సైన్యంలో పనిచేసిన ఇందర్ సింగ్ అనే వైద్యుడు, కొండలమీద జబ్బుపడిన 1,925 మంది సైనికుల వివరాలను 1969లో ప్రచురించారు. వాళ్లంతా వయసులో ఉన్నవాళ్లు, కసరత్తు చేసినవాళ్లు. మైదానాల నుంచి ఉన్నపళంగా పైకి చేరడమే వాళ్ల జబ్బుకు మూలం.

పూర్వపు యాత్రికుడికి ఈ శాస్త్రం తెలియదు, అవసరమూ లేదు. రుషీకేశ్ నుంచి చట్టీలనే దారి మజిలీలు ఒకటొకటిగా దాటుతూ, రోజుకు కొన్ని మైళ్లు నడిచి వారాల తరబడి పైకి వెళ్లేవాడు. నడకే వైద్యం చేసేది. ఇప్పుడు ఆ వారాలను హెలికాప్టర్ పది నిమిషాలకు కుదించింది. శ్రమ తగ్గినందుకు సంతోషించాల్సిందే; శ్రమతోపాటు వ్యవధి కూడా పోయిందని మాత్రం టిక్కెట్టు మీద అచ్చువేయరు.

“అలిపిరి మెట్లు మూడువేల అయిదువందల యాభై, ఆగకుండా ఎక్కాను” అనేది తెలుగువారి తిరుగులేని వాదన. తిరుమల వెయ్యి మీటర్ల లోపే. ఆ మెట్లు మోకాళ్లకు, గుండెకు పరీక్షే కాని, పల్చటి గాలికి రక్తం ఎలా సర్దుకుంటుందో చెప్పవు. శాడిల్ పీక్‌ను ఒక్క పూటలో ఎక్కి దిగినవాడికీ ఇదే జవాబు.

అండమాన్‌లోని జంగ్లీఘాట్‌లో వలలు లాగి పెరిగిన ఒక మనిషి సంగతి ఇందుకు నిదర్శనం. యాభై రెండేళ్లు, బీడీ కూడా ముట్టనివాడు, నీళ్లలో మునిగితే చూసేవాళ్లకు కంగారు పుట్టేంతసేపటికి గాని తేలనివాడు. కేదారనాథ్‌కు హెలికాప్టర్‌లో చేరి, అభిషేకం కోసం రెండు రాత్రులు ఉండిపోయాడు. మొదటి రాత్రి తలనొప్పి. రెండో రాత్రి దగ్గు, పడుకుంటే ఆయాసం. “ఏటయ్యింది?” అని భార్య అడిగితే “ఏటీ లేదు, గేసు” అన్నాడు. పక్క మంచం ఆయన కర్పూరం మూట కట్టి ముక్కుకు పెట్టాడు. కర్పూరం ముక్కులో చల్లగా తగులుతుంది. రక్తంలో ప్రాణవాయువును ఇసుమంతైనా పెంచదు. తెల్లవారేసరికి పెదవులు నీలం, ఉమ్మిలో గులాబీ నురగ. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. క్యాంపు డాక్టరు ఆక్సిజన్ పెట్టి తొలి హెలికాప్టర్‌లో కిందికి దించాడు. గుప్తకాశిలోనే మాట వచ్చింది. తిరిగొచ్చాక ఆ ఘనతను కొండమీది భైరవుడికి కట్టబెట్టాడు. పోనీ, మనిషి దక్కాడు. ఘనత ఎవరికి పోతేనేం.

చికిత్స రెండు మాటల్లో ముగుస్తుంది. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం ఉంటే పైకి వెళ్లకూడదు, తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, గీత మీద ఒక కాలి వేళ్లకు రెండో కాలి మడమ ఆనించి నడవలేక తూలుతున్నా, రాత్రైనా సరే వెంటనే దించాలి. ఎసిటజోలమైడ్ మాత్ర ముందురోజు నుంచి వాడితే సర్దుబాటు త్వరపడుతుంది. సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి. మూడువేల మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకు అయిదువందల మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలి. హెలికాప్టర్‌లో వెళ్లినవారు దర్శనం చేసుకుని ఆ రోజే దిగిపోవడం మేలు.

మాత్రల కథ వేరు. యాత్ర అనగానే మొదట ఆగేది బీపీ మాత్ర. దేవుడి దగ్గరికి వెళ్తూ మందులేమిటన్నది పైకి చెప్పే కారణం. అసలు కారణం వైద్యుడికి ఎవరూ చెప్పరు. అరవయ్యారేళ్ల ఒక రిటైర్డు టీచరమ్మ పహల్గామ్ దారిలో అమర్‌నాథ్ వెళ్లి, కుడిచేయి పడిపోయి తిరిగొచ్చారు. పర్సులో పది మాత్రల షీటు. రెండే గదులు ఖాళీ. అది మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర. దారి పొడవునా మగవాళ్లు, గుర్రాలు. ఆడమనిషి ఎక్కడికని వెళ్తుంది? అందుకని ఆపేశారు. ఎత్తులో రక్తపోటు మామూలుగానే పెరుగుతుంది, మందూ లేదు. ఇక్కడ కోప్పడాల్సింది ఆవిడ మీద కాదు. చీటీలో “రోజూ ఉదయం” అని రాసిన చేయి, యాత్రలో ఇబ్బందైతే ఏం చేయాలని ఒక్క ముక్క అడిగి ఉంటే వేళ మారేది, లేదా మందే మారేది. ఇప్పుడావిడ ఎడమచేత్తో చెంచా పట్టడం నేర్చుకుంటున్నారు. అడిగినవాళ్లకు దర్శనం బాగా జరిగిందనే చెబుతారు.

షుగరు ఉన్నవారు ఉపవాసంతో నడుస్తూ మాత్ర మాత్రం మానకపోవడం దీనికి తిరగేసిన తప్పు. ఒకాయన చెమటలు కక్కుతూ, వణుకుతూ ఏదో గొణుగుతుంటే తోటివారు పూనకమని హారతి ఇచ్చారు. కావలసింది నాలుగు చెంచాల పంచదార. ఇన్సులిన్ గడ్డకడితే పారేయడమే; చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనించి మోయాలి.

అమర్‌నాథ్‌కు ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. పదమూడేళ్ల లోపువారికి, డెబ్బై దాటినవారికి అనుమతి లేదు. 1996 ఆగస్టులో మంచుతుఫానుకు 240 మందికి పైగా బలయ్యాక, 2012లో వరుస మరణాలపై సుప్రీంకోర్టు తనంతట తాను స్పందించాక పట్టు బిగిసింది. అయినా ఆ కాగితం మీద సంతకాన్ని, ఒంటిమీద చేయి వేయనివ్వకుండా, “అర్జంటు సార్” అని నిలబడే అడుగుతారు. ఇచ్చేవారూ ఉన్నారు.

వీళ్లను పూర్తిగా విసుక్కోవడమూ కుదరదు. బదరీలో బ్రహ్మకపాలం దగ్గర, ఓడలో వచ్చి ఈ మట్టిలోనే కలిసిపోయిన తల్లిదండ్రులకు పిండం పెట్టాలని ఏళ్లతరబడి పైసా పైసా కూడబెట్టినవారే ఎక్కువ.

ఎంతో చెప్పగా ఒక కుటుంబం నోటుబుక్కులో ఖాళీ రోజు చేరింది. గుప్తకాశి తర్వాతి గీతలో ‘విశ్రాంతి, డాక్టరు చెప్పారు’ అని ఎర్రసిరాతో రాసి ఉంది. బయల్దేరే వారం చూపించడానికి తెచ్చేసరికి ఆ గీత పక్కన నీలిసిరాతో ఇంకో మాట చేరింది: తుంగనాథ్. ఎలాగూ ఖాళీయే కదా అని, సుమారు మూడున్నర వేల మీటర్ల మీదున్న గుడికి ట్రెక్కింగ్.