అరచేతిలో పూజ

జపమాలలో సంతోష దేవ రహస్యాలు సోమ, శనివారాల్లో ధ్యానిస్తాం. పేరుకు సంతోష రహస్యాలే గానీ, నింపాదిగా తలచుకుంటే అన్నిటా అనుకోనిదేదో ఒకటి ఎదురవుతుంది. పెళ్ళి నిశ్చయమైన పిల్లకు దేవదూత కబురు. గొడ్రాలనుకున్న ఎలిజబెతమ్మకు ముసలితనంలో కడుపు పండటం. సత్రంలో చోటు దొరక్క పసివాణ్ణి పశువుల తొట్టిలో పడుకోబెట్టడం. బిడ్డను దేవాలయంలో కానుక పెట్టబోతే సిమియోను నోట ఖడ్గం మాట. చివరికి పన్నెండేళ్ళ కొడుకు యెరూషలేములో తప్పిపోయి మూడు రోజులకు దొరకడం. దొరికాక మరియమ్మ తన మనోవేదనంతా కొడుకు ముందు వెళ్ళబోసుకుంది. ఆయన ఇచ్చిన జవాబు ఆ తల్లిదండ్రులకు అర్థం కాలేదని లూకా దాచకుండా రాశాడు. నాకు ఆ మాటంటే ప్రాణం. అర్థం కాకపోయినా ఆయన్ను వెంటబెట్టుకునే నజరేతు దారి పట్టారు వాళ్ళు. విశ్వాసమంటే అదే.

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మరియమాత కొండకు వచ్చే జనంలో ఒక్కొక్కరిదీ ఒక్కో మొక్కు. అమ్మాయికి సంబంధం కుదరాలి, అబ్బాయికి ఉద్యోగం రావాలి, ఆపరేషన్ సవ్యంగా జరగాలి. అడగడంలో తప్పేముంది? బిడ్డ తల్లిని కాక ఇంకెవర్ని అడుగుతాడు? కానీ అడిగింది ఒకటి, వచ్చింది ఇంకొకటి అయినప్పుడు ఏం చేయాలి? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు వియత్నాం మేత్రాణులు ఫ్రాన్సిస్ జేవియర్ న్గుయెన్ వాన్ థువాన్ గుర్తొస్తారు.

1975 ఏప్రిల్‌లో ఆరవ పౌలు పోపుగారు ఆయన్ను సైగాన్ అగ్రపీఠానికి నియమించారు. కొద్ది రోజులకే నగరం కమ్యూనిస్టుల వశమైంది. ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగ నాడే, ఆయన్ను అరెస్టు చేశారు. అప్పటికి ఆయన వయసు 47. జేబులో జపమాల తప్ప వెంట ఏమీ లేదు. విచారణ లేదు, శిక్ష ఇంతకాలమని లేదు. అలా 13 ఏళ్ళు గడిచాయి. అందులో 9 ఏళ్ళు ఒంటరి నిర్బంధమే.

మొదట్లోనే, గృహనిర్బంధంలో ఉండగా, ఏడేళ్ళ పిల్లవాడి చేత పాత క్యాలెండరు కాగితాలు తెప్పించుకుని, వాటి వెనుక తన ప్రజల కోసం ధైర్యవచనాలు రాశారు. జైల్లో పడ్డాక కడుపునొప్పి మందు కావాలని కబురు పెడితే, విశ్వాసులు గ్రహించి, మందు చీటీ అంటించిన చిన్న సీసాలో ద్రాక్షరసం పంపారు. గోధుమ అప్పాలు టార్చిలైటులో దాచి పంపారు. మూడు చుక్కల ద్రాక్షరసం, ఒక చుక్క నీరు అరచేతిలో పోసుకుని ఆయన దివ్యబలిపూజ చేసేవారు. ఆ అరచెయ్యే బలిపీఠం, అదే పానపాత్ర.

ఆయనకు దిగులు కలగలేదని కాదు. చేయాల్సిన సేవంతా మధ్యలో ఆగిపోయిందని కుమిలిపోయారు. ఒక రాత్రి మనసులో స్పష్టత కలిగింది: దేవుడు వేరు, దేవుని పనులు వేరు. పనులు ఆయనవి, కావాలంటే వాటిని మరొకరికి అప్పగిస్తాడు. నేను ఎన్నుకున్నది ఆయన్నే. అది తెలిశాక జైలుగదే ఆయనకు సేవాక్షేత్రం అయింది. కాపలాదారులతో ప్రేమగా మాట్లాడి స్నేహం చేశారు. 1988లో విడుదలయ్యారు, 2001లో కార్డినల్ అయ్యారు. కానీ ఆ గౌరవాలేవీ దక్కకపోయినా అరచేతిలో చేసిన పూజ విలువ తగ్గేది కాదు.

ఆరోగ్యం, పిల్లల భవిష్యత్తు, ఉద్యోగం, గుడిలో మనం చేసే సేవ, అన్నీ దేవుడిచ్చినవే. కానీ అవే దేవుడు కావు. వాటిలో ఒకటి చెయ్యి జారితే కన్నీళ్ళు వస్తాయి, రానివ్వాలి. అంతమాత్రాన దేవుడు కూడా చెయ్యి వదిలేశాడనుకోకూడదు. నా ప్రార్థనలో కోరికలు ఇప్పటికీ ఉన్నాయి. అవన్నీ చెప్పుకున్నాక ఒక్క మాట కలుపుతాను: ప్రభువా, నేను అడిగినట్టు జరగకపోతే, జరిగినదానిలో నేను చేయాల్సిన పని చూపించు.