పొదుగులో పహరా

మా గోదావరిఖనిలో కొన్ని ఇళ్ళు బాయి సైరన్‌కు లేస్తాయి, కొన్ని ఆవు అరుపుకు లేస్తాయి. మా ఇల్లు రెండింటికీ లేచేది. మావారు సింగరేణిలో మైనింగు సర్దారుగా చేసి రిటైరయ్యారు. ఆయన డ్యూటీ రోజుల్లో కొన్న ఆవు సంతతే ఇప్పటికీ మా పెరట్లో ఉంది. గౌరి దానికి మనవరాలు. చుట్టుపక్కల అయిదిళ్ళ పిల్లలు గౌరి పాలే తాగుతారు. అంచేత దాని ఆరోగ్యం మా ఒక్కరి సంగతి కాదు.

పోయిన వానాకాలంలో, ఈనిన పదోనాటికి, గౌరి పాలు కాస్త తగ్గాయి. పొదుగు మెత్తగానే ఉంది. జ్వరం లేదు. మేతకు లోటు లేదు. పశువుల డాక్టరుగారు వచ్చి అంతా చూసి, "అమ్మా, బట్టలుతికే సబ్బుపొడి ఉందా?" అన్నారు. ఆవు వైద్యానికి సబ్బుపొడి ఏమిటా అని తెల్లబోయాను.

అర లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పొడి కలిపించారు. నాలుగు చన్నుల పాలు నాలుగు గిన్నెల్లోకి పిండి, అంతంత సబ్బునీరు పోసి తిప్పారు. మూడు గిన్నెల్లో ఏ మార్పూ లేదు. వెనక ఎడమ చన్ను పాలు మాత్రం గంజిలా చిక్కబడి జిగురు సాగాయి. "పొదుగువాపు తల్లీ! ఇంకా పైకి తేలలేదంతే," అన్నారాయన. 1957లో కాలిఫోర్నియాలో షాల్మ్, నూర్లాండర్ అనే ఇద్దరు ప్రకటించిన పరీక్షకు ఇది పేదింటి చుట్టమట.

ఇంతకూ ఆ జిగురు క్రిములది కాదు. గౌరి సొంత సైన్యానిది. చనుమొన చివర సన్నని కండరం తలుపులా బిగుసుకుంటుంది. లోపల మైనంలాంటి బిరడా ఉంటుంది. పాలు పితికాక ఆ తలుపు బాగా మూసుకోవడానికి అరగంట పైనే పడుతుంది. ఆవు అప్పుడే పేడలో పడుకుంటే క్రిములు లోపలికి దూరతాయి. వెంటనే నెత్తుటిలోని తెల్లకణాలకు కబురందుతుంది. అవి పాలలోకి దండెత్తి వస్తాయి. ఆరోగ్యమైన పొదుగులో మిల్లీలీటరు పాలకు రెండు లక్షల కణాలకు మించి ఉండవు. జబ్బులో ఆ లెక్క పదుల లక్షలకు పోతుంది. సబ్బు ఆ కణాలను పగలగొడితే లోపలి డి.ఎన్.ఎ. జిగురై బయటపడుతుంది.

వాపూ, ఎరుపూ, వేడీ చాలావరకు ఈ యుద్ధం చేసే పనే. దొంగను పట్టవచ్చిన భటులు ఇల్లు పీకి పందిరేసినట్టు! పైగా పాలలో దిగిన తెల్లకణాలు క్రిములతోబాటు వెన్ననూ మింగుతాయట. విందులో కాపలావాడు విస్తరి ముందు కూర్చుంటే పహరా ఎవరు కాస్తారు? ఈనే రోజుల్లో ఈ సైన్యం బలం కూడా తగ్గుతుంది.

ఇదంతా విని మావారు తల ఊపారు. "బాయిలో గ్యాసు కంటికి కానరాదు. ముందు మేం దీపం పట్టుకుపోయి, మంట మీద నీలిటోపీ లేస్తుందేమో చూసి, అటుపైనే మనుషుల్ని పంపేవాళ్ళం. ఈ సబ్బునీళ్ళూ అంతే," అన్నారు.

డాక్టరుగారు ఆ చన్నులోకి మందు ఎక్కించి, మందు అట్టమీద రాసిన గడువు తీరేదాకా పాలు ఎవరికీ పోయవద్దన్నారు. అసలు చిక్కు అక్కడ వచ్చింది. మర్నాడే పక్కింటి ఆమె చెంబుతో వచ్చింది.

"మూడు చన్నులు మంచిగనే ఉన్నయంట కద వదినా, అవన్న పొయ్యరాదు. పోరడు ఏడుస్తున్నడు."

మందు నెత్తుట్లో కలిసి మిగతా మూడింటిలోకీ వస్తుందని చెప్పాను. ఆమె నమ్మలేదు. ఎక్కువ ధరకు ఇంకెవరికో పోస్తున్నాననుకుంది కాబోలు, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ వారం పాల డబ్బు పోయిందన్న బాధకంటే ఆ మౌనమే నన్ను ఎక్కువ కుదిపింది. అయినా రోజూ పాలు గుంటలో పారబోశాను. గోడ అవతలినుంచి ఆమె చూస్తూనే ఉంది. మూడో రోజున తనే వచ్చి, "నిజంగనే పారబోస్తున్నవా?" అని నిలబడిపోయింది.

గౌరి కోలుకుంది. ఆ చన్నులో పాలు మాత్రం మునుపటంత రావు. ఇప్పుడు చేతులు కడిగి, పొదుగు తుడిచి, పొడిగా ఆరాకే పితుకుతున్నాను. ఆ ఎడమ చన్నును చివర పితుకుతాను. కాగానే పచ్చగడ్డి వేస్తాను, తలుపు మూసుకునేదాకా గౌరి నిలబడే ఉండాలని. ఆదివారం ఆదివారం సబ్బునీళ్ళ పరీక్ష. ఆ నాలుగు గిన్నెలూ కడిగి వరసగా పెట్టేది పక్కింటి వదినే.