మూడు చక్రాలు... ఇసుక కొండలు!

అమెరికాలో ఏం చూశారని అడిగితే నయాగరా అనో, గ్రాండ్‌ కాన్యన్‌ అనో చెబుతాం. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఓ పాత ఇనుప బండి. దాంతోపాటు వెళ్లి చూసొచ్చిన ఇసుక కొండలు.

మా అబ్బాయి ఉండేది కాలిఫోర్నియాలోని శాండియాగోలో. పిల్లలు ఆఫీసులకు వెళ్లిపోయాక పగలంతా నాకేమీ తోచేది కాదు. ఎదురింటి పెద్దాయన రిటైరైన మెకానిక్కు. ఆయన గ్యారేజీ తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. ఓరోజు వాకింగ్‌ నుంచి వస్తూ తొంగిచూశాను. బెలూన్లలా ఉబ్బిన మూడు టైర్లు, తుప్పుపట్టిన ఫ్రేము, కాఫీ డబ్బాల నిండా బోల్టులు. 'ఏమిటివన్నీ?' అన్నాను. 'ఇవన్నీ కాదు, ఇది ఒకటే. ఒక బండి' అని నవ్వారాయన. ఆ రోజు నుంచీ నా పగళ్లు ఆ గ్యారేజీలోనే గడిచాయి.

మంచులో పుట్టిన బండి

మూడు చక్రాల బండి అంటే మనకు ఆటోనే. ఇది వేరు. ఒక్కరే కూర్చుని ఇసుకలో, బురదలో, మంచులో నడిపే బండి. చలికాలంలో మంచు పడితే అమెరికాలో మోటారు సైకిళ్లు కొనేవాళ్లుండరు. ఆ నెలల్లో అమ్ముకోవడానికి ఏదైనా కావాలని డీలర్లు అడిగితే జపాన్‌లో హోండా ఇంజినీరు ఒసాము టకేయుచి దీన్ని రూపొందించాడు. రకరకాల చక్రాలతో ప్రయత్నించి చివరికి మూడు దగ్గర ఆగాడు. 1970లో 'యూఎస్‌90' పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 89 సీసీ ఇంజిను. షాకబ్జార్బర్లు లేవు. ఎత్తుపల్లాలను ఆ లావుపాటి టైర్లే మింగేయాలి. కారు టైరులో ముప్ఫై పౌండ్ల పైచిలుకు గాలి ఉంటే వీటిలో రెండు మూడు పౌండ్లే. అందుకే ఇసుకలో దిగబడకుండా పైపైన తేలిపోతాయి. 1971లో వచ్చిన జేమ్స్‌బాండ్‌ సినిమా 'డైమండ్స్‌ ఆర్‌ ఫరెవర్‌'లో బాండ్‌ ఎడారిలో నడిపింది ఇలాంటి బండినే. ఆ తర్వాత మిగతా కంపెనీలూ తయారుచేశాయి. పిల్లలున్న ప్రతి ఇంట్లో అదో మోజు.

మా పెద్దాయన బండి ఏ కంపెనీదని అడిగితే చెప్పడం కష్టం. ఫ్రేము ఒక్కటే వాళ్లింటిది. ఇంజిను పాత సామాన్ల దుకాణంలో దొరికింది. వెనక ఇరుసు ఓ రైతు కొట్టంలోది. హ్యాండిల్‌ మరెక్కడిదో. విజయవాడ ఆటోనగర్‌లో అయితే ఒక్క పూటలో దొరికే సామాను కోసం ఆయన రెండేళ్లు తిరిగారట!

ఇంజిను పట్టేసి ఉంది. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో నూనె పోసి వారంపాటు నానబెట్టారు. అప్పటికి పిస్టన్‌ కదిలింది. సిలిండరు బోరు చేయించి, కొంచెం పెద్ద పిస్టన్‌, కొత్త రింగులు వేశారు. ట్యాంకులో తుప్పు వదలడానికి వెనిగర్‌ పోసి రెండు రోజులుంచారు. మనం చింతపండుతో రాగి చెంబు తోమినట్టే! కార్బొరేటర్‌ జెట్లను సన్నని తీగతో శుభ్రం చేసే పని నాకప్పగించారు. మన హీరోహోండా సీడీ100లోలాగే ఇందులోనూ సిలిండరు దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. ఒకప్పుడు నా సీడీ100ను నేనే విప్పి బిగించుకున్నవాణ్ని కాబట్టి చుట్టాన్ని చూసినట్టయింది.

మోజు వెనక గాయం

ఓరోజు వెనక ఇరుసు బిగిస్తూ ఆయనే చెప్పారు. కారుకుండే డిఫరెన్షియల్‌ దీనికి ఉండదు. రెండు వెనక చక్రాలూ ఒకే ఇరుసుకు గట్టిగా బిగించి ఉంటాయి. మలుపులో రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. అందుకని హ్యాండిల్‌ తిప్పితే చాలదు, ఒంటి బరువును కూడా సరిగ్గా మార్చాలి. లేదంటే బండి మలుపు తిరగకుండా నేరుగా పోతుంది, లేదా పక్కకు పడిపోతుంది. సైకిలు అలవాటున్నవాళ్లు పడబోతూ కాలు కిందపెడతారు. అదే పెద్ద ప్రమాదం. వెనక చక్రం ఆ కాలిని కిందికి లాగేస్తుంది.

'మా తమ్ముడికి పద్నాలుగేళ్లు. నేను నడుపుతున్నాను, వాడు వెనక కూర్చున్నాడు. ఒక్కరు కూర్చునే బండి మీద ఇద్దరం. హెల్మెట్లూ లేవు. తప్పు బండిది కాదు, నాదే' అన్నారు. తొడ ఎముక విరిగింది. కాలు అంగుళం కురచయింది. వాళ్ల నాన్న బండిని ముక్కలు చేసి తుక్కుకు అమ్మేశారు. ఫ్రేము మాత్రం కొట్టం వెనక పడి ఉండిపోయింది. ఆ తర్వాత అన్నదమ్ములు ఎన్నోసార్లు కలుసుకున్నారు కానీ ఆ మాట మాత్రం ఎత్తలేదట.

ఇలాంటి ప్రమాదాలు దేశమంతటా జరిగాయి. దెబ్బలు తగిలినవాళ్లలో చాలామంది పిల్లలే. చివరికి ప్రభుత్వం కోర్టుకెక్కింది. 1988లో కుదిరిన ఒప్పందంతో కంపెనీలు కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకాలు ఆపేశాయి. వాటి స్థానంలో నాలుగు చక్రాలవి వచ్చాయి. కొత్తవాటి దిగుమతినీ అమ్మకాన్నీ నిషేధిస్తూ 2008లో చట్టమే చేశారు. పాతవి ఉన్నవాళ్లు మాత్రం నడుపుకోవచ్చు.

'మరి దీన్నెందుకు మళ్లీ బతికిస్తున్నారు?' అని అడగకుండా ఉండలేకపోయాను. ఆయన స్పానరు పక్కన పెట్టారు. 'మా ఇద్దరి చిన్నతనం కూడా ఇదే. తుక్కులో పోయింది బండొక్కటే కాదు' అన్నారు.

బండి పూర్తయ్యాక తమ్ముడికి ఫోన్‌ చేశారు. 'శనివారం గ్లామిస్‌ వెళ్తున్నాం, వస్తావా?' అని. అటునుంచి వచ్చిన జవాబు 'చూస్తాను' అని మాత్రమే.

సముద్రం కంటే కింద

శనివారం తెల్లవారుజామునే ట్రక్కు వెనక బండిని కట్టి బయలుదేరాం. ఆయన, పన్నెండేళ్ల మనవడు, మా అబ్బాయి, నేను. దారి ముందు నాలుగు వేల అడుగుల పైకి ఎక్కుతుంది. అక్కడి నుంచి ఎవరో పేర్చినట్టున్న బండరాళ్ల గుట్టల మధ్యగా ఎడారిలోకి దిగుతుంది. ఎల్‌సెంట్రో ఊరు సముద్రమట్టానికి నలభై అడుగులు కింద ఉంది! ఎడారే కానీ కొలరాడో నది కాలువ నీళ్లతో కనుచూపు మేరా పచ్చని పొలాలు. ఒకప్పుడు పంజాబీ రైతులు వచ్చి స్థిరపడిన నేల ఇది. ఇక్కడి వెస్ట్‌మోర్లాండ్‌లో వ్యవసాయం చేసి, జడ్జిగా పనిచేసిన దలీప్‌సింగ్‌ సౌంద్‌ 1956లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. ఆ సభకు ఎన్నికైన మొట్టమొదటి భారతీయుడు ఆయనే.

బ్రాలీ ఊరు దాటాక పొలాలు ఆగిపోయాయి. ఎదురుగా ఇసుక... నలభై మైళ్లకు పైగా పొడవున పరుచుకున్న ఇంపీరియల్‌ ఇసుక తిన్నెలు. కొన్ని మూడొందల అడుగుల ఎత్తున్నాయి. ఎప్పుడో ఎండిపోయిన ఓ పెద్ద సరస్సు ఒడ్డునుండే ఇసుకను గాలి మోసుకొచ్చి ఇలా పోసిందట. ఆస్‌బోర్న్‌ ఓవర్‌లుక్‌ దగ్గర ఆగి చూస్తే పొద్దుటి ఎండలో ఒకవైపు బంగారం, మరోవైపు నీడ. రోడ్డుకు ఉత్తరాన ఉన్న భాగంలోకి బండ్లను రానివ్వరు. అది మొక్కలకూ, జంతువులకూ వదిలేశారు. దక్షిణాన బండ్లే బండ్లు. తిన్నె అవతల ఉన్నవాళ్లకు కనబడాలని ప్రతి బండికీ ఎనిమిదడుగుల కర్రకు జెండా కట్టాలి. హెల్మెట్‌ తప్పనిసరి. అక్టోబరు నుంచి మే వరకే ఈ సందడి. వేసవిలో ఆ ఎండకు నిలబడలేం.

మా బండి దించగానే మనవడు హెల్మెట్‌ పెట్టుకుని సిద్ధమైపోయాడు. 'ఇది కాదు నాన్నా, నీకు అది' అంటూ తాతయ్య పిల్లల కోసం అద్దెకు తెచ్చిన చిన్న నాలుగు చక్రాల బండి చూపించారు. పిల్లాడు అలిగాడు. ఆయన మాత్రం మెత్తబడలేదు. 'పద్దెనిమిదేళ్లొచ్చాక అడుగు. అప్పుడు నేనే నేర్పిస్తా' అన్నారు.

తొమ్మిదైంది. పదైంది. ఆయన మాటిమాటికీ రోడ్డువైపే చూస్తున్నారు. పదిన్నరకు ఓ కారు వచ్చి ఆగింది. అరవై దాటిన మనిషి దిగి, కొంచెం కుంటుతూ ఇసుకలో నడిచి వచ్చారు. అన్నదమ్ములు చేతులు కలపలేదు, ఏమీ మాట్లాడుకోలేదు. తమ్ముడు బండి చుట్టూ ఒకసారి తిరిగారు. ఫ్రేము మీద ఓచోట వేలితో రాశారు. పాత సొట్ట ఒకటి అక్కడ అలాగే ఉంది. దాన్ని మాత్రం పెద్దాయన సరిచేయలేదు.

హెల్మెట్‌ తీసుకుని తగిలించుకున్నారు తమ్ముడు. స్టార్టరు తాడు లాగారు. ఒకసారి, రెండుసార్లు... మూడోసారికి ఇంజిను అందుకుంది. రెండు కాళ్లూ పైనే పెట్టుకుని చదునుగా ఉన్న ఇసుకలో నెమ్మదిగా ఓ పెద్ద చుట్టు తిరిగొచ్చారు. పెద్దాయన ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

బండి ఆపి, హెల్మెట్‌ తీసి, తమ్ముడు అన్నది ఒక్కటే మాట. 'ఎడమ టైరులో గాలి తక్కువుంది.'

'పంపు తెస్తానుండు' అంటూ పెద్దాయన గబగబా ట్రక్కు వెనక్కి వెళ్లారు. చిన్న పంపు, చేతికందే చోటే ఉంది. అయినా ఆయన తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.