నీళ్లలోనుండి లేచిన తరువాత

బాప్తిస్మం అనగానే ఒంగోలు ప్రాంతపు విశ్వాసులకు గుండ్లకమ్మ గుర్తొస్తుంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఆ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనం ఆ లెక్కనే గొప్పగా చెప్పుకుంటాం. నాకైతే క్లౌ దొరగారు విశ్వాసులకు పెట్టిన మూడు నియమాలు ఇంకా పెద్దవిగా కనిపిస్తాయి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఊరి పనిమీద బ్రతికే మాదిగ కుటుంబానికి ఇవి చిన్న మాటలా? ఆదివారం రానంటే సోమవారం కూలి పోవచ్చు. ఎవరు బాప్తిస్మం తీసుకున్నారో ఊరికి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మా సంఘంలో ఒక సహోదరుడు బాప్తిస్మానికి సిద్ధపడుతున్నాడు. నూటికి ఐదు రూపాయల వడ్డీకి అప్పులిస్తాడు. (ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను.) "అయ్యగారూ, బాప్తిస్మానికీ నా నోట్లకీ ఏం సంబంధం?" అన్నాడు. ఇద్దరం కూర్చుని లూకా 3వ అధ్యాయం చదివాం. బాప్తిస్మానికి వచ్చిన సుంకరులతో యోహాను మాట్లాడింది వసూళ్ల గురించే.

"ఫిలిప్పీ చెరసాల నాయకునికి ఆ రాత్రే ఇచ్చారు కదా, నాకెందుకు ఆలస్యం?" అని కూడా అడిగాడు. మంచి ప్రశ్నే. అయితే అతడు నీళ్లలో దిగకముందే ఖైదీల గాయాలు కడిగాడు.

పోయిన వారం వచ్చి, "ఇద్దరి దగ్గర అసలు మాత్రం తీసుకుని నోట్లు చించేశాను. ఇంకా తొమ్మిది ఉన్నాయి" అన్నాడు. ఆయన కొరకు ప్రార్థించండి.