మొక్కకు పల్లకీ

శాంతినికేతన్ వెళ్తున్నానని చెప్తే తెలిసినవాళ్లలో ఎక్కువమంది అన్న మాట ఒకటే: "హోళీకి వెళ్లాలి గానీ, ఇప్పుడేముంటుంది అక్కడ, వాన తప్ప!" నేను బయల్దేరిందే వాన కోసం. బెంగాలీ పంచాంగంలో శ్రావణం 22. వాళ్లది సౌరమానం కాబట్టి ఆ శ్రావణం మన శ్రావణంతో అచ్చంగా కలవదు. ఆ తేదీ ఆగస్టు 7నో 8నో పడుతుంది. 1941లో ఆ రోజే రవీంద్రనాథ్ ఠాగూర్ కన్నుమూశాడు. ఆయన శాంతినికేతన్ ఆశ్రమంలో మాత్రం ఆ రోజు సంతాపసభలా ఉండదు. పొద్దున ప్రార్థన, ఆ తర్వాత ఒక మొక్క నాటడం, మర్నాడు పక్కనే ఉన్న శ్రీనికేతన్‌లో నాగలి పట్టడం. వృక్షరోపణం, హలకర్షణం అని వాటి పేర్లు. రెండూ ఆయన బతికుండగానే, 1928 వానాకాలంలో మొదలయ్యాయి. ఆయన పోయాక ఈ తేదీలకు మార్చారు.

హౌరా నుంచి బోల్‌పూర్ సుమారు 150 కిలోమీటర్లు. స్టేషన్ బయటికి రాగానే టోటోలు చుట్టుముడతాయి. బ్యాటరీ ఆటోని అక్కడ టోటో అంటారు. ఊరు దాటాక నేల రంగు మారుతుంది. కంకర కలిసిన ఎర్రమట్టి, వాన నీళ్లు కోసేసిన గండ్లు. ఆ గండ్లకి ఖొయాయి అని పేరు. 1863లో రవీంద్రనాథ్ తండ్రి దేవేంద్రనాథ్ ఠాగూర్ ఈ నేలలో 20 బిఘాలు ఏడాదికి 5 రూపాయల శాశ్వత కౌలుకి తీసుకున్నాడు. అప్పుడిక్కడ చెప్పుకోదగ్గ నీడ రెండు ఛాతిమ్ చెట్లదే. ఛాతిమ్ అంటే మన ఏడాకులపాల. ఇప్పుడు సాలచెట్ల బాట, మామిడితోపు, వాటి కింద చదువుకునే పిల్లలు. అదంతా ఎప్పటినుంచో ఉన్న అడవి కాబోలనుకుంటాం. మనుషులు మొక్కామొక్కా తెచ్చి పెంచిన నీడ అది.

1888లో దేవేంద్రనాథ్ రాయించిన ట్రస్టు పత్రంలో ఈ ప్రాంగణంలో విగ్రహారాధన ఉండకూడదని, ఏ మతాన్నీ తూలనాడకూడదని, మాంసాహారం కూడదని ఉంది. ఏటా ఒక తిరునాళ్ల పెట్టాలని కూడా ఉంది. 1891లో కట్టిన ప్రార్థనాలయం చుట్టూ రంగుటద్దాలే. లోపల దేవుడి పటం గానీ, హారతి పళ్లెం గానీ, పూజారి గానీ కనపడరు. ఇలాంటి చోట ఠాగూర్ పెట్టిన బడిలో పిల్లలకి పండగ ఏమిటి అన్న ప్రశ్న మొదట్లోనే వచ్చి ఉంటుంది. జవాబు చెప్పింది ఒక పిల్లవాడే. ఠాగూర్ చిన్నకొడుకు శమీంద్రనాథ్ 1907లో తోటిపిల్లల్ని కూడగట్టి ఋతువుల వేషాలు వేయించి ఋతూత్సవం చేశాడు. పదకొండేళ్లు నిండకుండానే అదే ఏడాది నవంబర్‌లో కలరాతో పోయాడు. మరుసటి ఏడాది వానాకాలంలో ఠాగూర్ ఊళ్లో లేనప్పుడు క్షితిమోహన్ సేన్, మరికొందరు ఉపాధ్యాయులు వేదంలోని పర్జన్య సూక్తాలు తీసుకుని వర్షోత్సవం జరిపారు. క్షితిమోహన్ అంటే ఆర్థికవేత్త అమర్త్య సేన్‌కి తాతగారు. ఆ ఏడాదే ఠాగూర్ 'శారదోత్సవ్' నాటకం రాశాడు. ఆ తర్వాత ఏ ఋతువుకా ఋతువు, పాటతోనో ఆటతోనో పలకరించడం బడి పనుల్లో భాగమైపోయింది.

నేను ముందురోజు మధ్యాహ్నానికే చేరాను. అసలు చూడాల్సింది అప్పుడేనని ఇప్పుడు చెప్పగలను. మొక్క నాటే చోట ఇక్కడి చిత్రకళల బడి కళాభవన్ విద్యార్థులు ఆల్పన, అంటే బెంగాలీ ముగ్గు, వేస్తున్నారు. వాళ్లలో ఒకమ్మాయిది శ్రీకాకుళం వైపు. నా ఫోన్‌లో తెలుగు విని తనే వచ్చి పలకరించింది. మన ముగ్గు పొడి పని, ఆల్పన తడి పని. చిన్న గుడ్డముక్కని సుద్దనీళ్లలో ముంచి అరచేతిలో పట్టుకుంటారు. బొటనవేలితో నొక్కితే నీళ్లు ఉంగరపు వేలి మీదుగా జారి కొసన దిగుతాయి. ఆ వేలే కుంచె. ఇళ్లలోనైతే సుద్దకి బదులు బియ్యప్పిండి. గీసేటప్పుడు గీత సరిగా తెలియదు. తడి ఆరాకే తెల్లగా తేలుతుంది. అంటే ఇంకా కనపడని గీత పక్కన ఇంకో గీత కలపాలి. నేను చూస్తుండగా ఆ అమ్మాయి ఒక తామరతీగని మూడు మలుపులు తిప్పి ఆగింది. మొదటి మలుపు తెల్లబడే దాకా వేలు గాల్లోనే ఉంచింది.

"చుక్కలు పెట్టరా?" అన్నాను.

"లేదక్కా. వచ్చిన కొత్తలో నా చెయ్యి దానంతటదే చుక్కలకి పోయేది. మా దాదా నవ్వేవారు. ఇక్కడ మాస్టార్లని దాదా, దీదీ అనే అంటాం కదా. ముగ్గు లెక్కతో వెయ్యకు, ఆ చెట్టెక్కిన తీగని చూసి వెయ్యి అని పంపించేవారు."

"మరి ఇంటికెళ్తే?"

"ఇంటికెళ్తే అమ్మ చుక్కలే పెట్టమంటుంది."

ఈ పనిని ఆశ్రమంలో మొదట నేర్పింది సుకుమారీ దేవి. ఆ తర్వాత చిత్రకారుడు నందలాల్ బోస్ కూతుళ్లు గౌరి, యమున దాన్ని శాంతినికేతన్ ఆల్పనగా తీర్చారు. పల్లెటూరి వ్రతాల ముగ్గులు, అజంతా గోడల మీది లతలు, కిటికీలోంచి కనపడే మొక్కలు, మూడూ అందులో ఉన్నాయి. మన రాజ్యాంగం మూలప్రతి పేజీలను బొమ్మలతో, అంచులతో అలంకరించింది కూడా నందలాల్, ఆయన బృందమే. ఆ సాయంత్రం జల్లు పడి ఆల్పన సగం కరిగింది. ఎవరూ పెద్దగా బాధపడలేదు. తెల్లారాక వచ్చి మళ్లీ వేశారు.

22 తెల్లవారుజామున వైతాళిక్. పిల్లలు, పెద్దలు పాడుకుంటూ సాలచెట్ల బాట మీదుగా ప్రార్థనాలయానికి నడుస్తారు. మైకు లేదు. వరస ముందున్నవాళ్ల పాట వెనకవాళ్లకి అర క్షణం ఆలస్యంగా అందుతుంది. మధ్యలో నడిచే నాలాంటివాళ్లకి ఒకే పాట రెండుసార్లు వినపడుతుంది. ఆలయంలో ఎస్రాజ్, తాన్‌పురా, తబలా. ఉపనిషత్తు మంత్రాలు చదివారు, పాడారు, లేచారు. ప్రసాదం కోసం చూసే అలవాటు నాకు ఇంకా పోలేదు.

తర్వాత ఊరేగింపు. అబ్బాయిలు భుజాన పల్లకీ మోస్తూ వచ్చారు. లోపల ఒక చిన్న మొక్క, మీద ఆకులతో, పూలతో కట్టిన గొడుగు. పల్లకీ ముందు అమ్మాయిలు పసుపు చీరల్లో, తాటాకు నగలతో ఆడుతూ నడిచారు. అడుగు చాలా తేలిక. మణిపురీ వాసన ఉంది గానీ ఎవరైనా పది నిమిషాల్లో కలిసిపోగలిగేది. శంఖం ఊదారు. అయిదుగురు పిల్లలు పంచభూతాల వేషాల్లో గుంట చుట్టూ నిలబడ్డారు. ఒక్కో భూతాన్నీ ఈ మొక్కను కాపాడమని అడిగే పద్యాలు ఠాగూర్ ఈ పండగకే రాశాడు. అవి వంతులవారీగా చదివారు. అగ్ని వేషం వేసిన పిల్లాడి ఎర్ర కండువా వానకి రంగు దిగి వాయువు చొక్కా మీద పడింది. ఇద్దరూ పద్యం ఆపలేదు. ముఖ్య అతిథి మొక్కని గుంటలో నిలిపి మట్టి తోశాడు, నీళ్లు పోశారు, పాడారు. గంట కూడా పట్టలేదు. ఉపన్యాసాలు లేనందుకు నాకు కలిగిన ఆనందం తెలుగునాట సభలకి వెళ్లేవాళ్లకే అర్థమవుతుంది.

మొదటి ఏడాది, 1928లో, ఈ సందర్భానికి ఠాగూర్ 'బలాయ్' అనే కథ చదివి వినిపించాడు. చెట్టుని ప్రాణస్నేహితుడిలా చూసుకునే ఒక పిల్లవాడి కథ అది. ఆయన పాటల సంకలనం 'గీతవితాన్'లో ప్రకృతి విభాగంలో 283 పాటలుంటే అందులో 115 వానవే. వసంతానికి 96. శరత్తుకి 30, గ్రీష్మానికి 16, శీతకాలానికి 12, పాపం హేమంతానికి అయిదే. అంటే శాంతినికేతన్ కవి మనసు ఏ ఋతువులో ఉందో లెక్కే చెప్తోంది. జనం మాత్రం 96 ఉన్న ఋతువుకే పోటెత్తుతారు.

మర్నాడు శ్రీనికేతన్. మూడు కిలోమీటర్ల దూరం, సురుల్ గ్రామం పక్కన. 1906లో ఠాగూర్ తన కొడుకు రథీంద్రనాథ్‌ని ఐసీఎస్‌కి కాదు, అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి, వ్యవసాయం చదవడానికి పంపాడు. 1922లో లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అనే ఇంగ్లిష్ యువకుడి చేతికిచ్చి ఈ గ్రామ పునర్నిర్మాణ కేంద్రం తెరిపించాడు. శాంతినికేతన్ పాటైతే శ్రీనికేతన్ పొట్ట అనుకోవచ్చు. ఇక్కడ దున్నబోయే నేల చుట్టూ రంగురంగుల ధాన్యాలతో ఆల్పన వేస్తారు. ఎద్దుల కొమ్ములకి, మెడలకి పూలు, గవ్వలు కడతారు. సేద్యం మీది పాటలు పాడతారు. అతిథి మేడి పట్టుకుని కొన్ని అడుగులు సాగుతాడు. 1928లో ఆ మేడి పట్టింది ఠాగూరే. ఆ దృశ్యాన్ని నందలాల్ 1930లో ఇక్కడి గోడ మీద తడి సున్నపు చిత్రంగా వేశాడు. రంగు వెలిసినా ఎద్దుల మెడ వంపు ఇంకా కళ్లకి కట్టినట్టు ఉంది.

ఇక్కడ నాకు కొంచెం వెలితి అనిపించింది. మన ఏరువాక జ్యేష్ఠ పౌర్ణమికి వస్తుంది, దుక్కికి ముందు. రైతుకి ఆ తేదీతో పని ఉంది. హలకర్షణం ఆగస్టులో జరిగేనాటికి వీర్‌భూమ్ పొలాల్లో నాట్లు చాలావరకు పడిపోయి ఉంటాయి. దున్నింది కూడా పవర్ టిల్లర్లు. తేదీని కవి నిర్యాణంతో ముడిపెట్టాక ఋతువు పక్కకి జరిగింది. భక్తి ఎక్కువైతే ఋతూత్సవానికి వచ్చే ఇబ్బంది ఇదే. అతిథి వెనక నాగలి సరిగా నిలిపి పట్టుకున్న ఒక సంతాల్ ఆదివాసీ పెద్దాయనకి మాత్రం ఇవేవీ పట్టినట్టు లేదు. ఎద్దుని అదిలించినప్పుడు ఆయన గొంతులో ఉత్సవమేమీ లేదు, పని ఉంది.

ఆయన ఊరికి కూడా పోయి వచ్చాను. ఋతువుల పండగలు ఈ నేల మీద శాంతినికేతన్‌తో మొదలయ్యాయనుకుంటే పొరపాటే. చుట్టూ ఉన్న సంతాల్ పల్లెల్లో సాలపూలు పూసినప్పుడు బాహా జరుగుతుంది. అది అయ్యేదాకా ఆడపిల్లలు కొత్తపూలు తలలో పెట్టుకోరు. పంట ఇంటికొచ్చాక పశువుల కోసం సొహ్‌రాయ్. ఆ పండక్కి గోడలు అలికి బొమ్మలు వేసుకుంటారు. రామ్‌కింకర్ బైజ్ 1938లో కళాభవన్ ఆవరణలో నిలబెట్టిన 'సంతాల్ కుటుంబం' శిల్పం సిమెంటూ, ఈ ఎర్ర కంకరా కలిపి పోసిందే. ఠాగూర్ 1935లో కట్టించుకున్న మట్టిల్లు 'శ్యామలి' గోడల మీద కూడా సంతాలులే ఉన్నారు. పాఠం ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ కళాకారులు దాచుకోలేదు.

మన తెలుగువాళ్లకి కూడా ఈ ఊరు కొత్త కాదు. కవి రాయప్రోలు సుబ్బారావు కొంతకాలం ఇక్కడ ఉన్నాడు. తర్వాతి కాలంలో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి ఇక్కడే చదువుకుని ఠాగూర్ రచనలను తెలుగులోకి తెచ్చాడు.

ఇక వసంతం సంగతి. హోళీ రంగుపొడి అబీరు, పసుపు చీరలు, కెమెరాలు కలిసి ఆ రోజు జరిగే వసంతోత్సవాన్ని ఎంత పెద్దది చేశాయంటే, కొవిడ్ తర్వాత ఇక్కడి విశ్వవిద్యాలయం విశ్వభారతి దాన్ని బయటివారికి మూసి ఆశ్రమం వరకే జరుపుకుంటోంది. దేవేంద్రనాథ్ ట్రస్టు పత్రంలోని తిరునాళ్ల, అంటే పౌష్ మేళా కూడా 2020 నుంచి కొన్నేళ్లు విశ్వభారతి చేతుల మీదుగా జరగలేదు, 2024లో మళ్లీ మొదలైంది. 2023 సెప్టెంబర్‌లో యునెస్కో శాంతినికేతన్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చాక హోటళ్లు ఇంకా పెరిగాయి. పక్కనున్న సోనాఝురి అడవిలో సంత పెరిగి పెరిగి చెట్లకన్నా దుకాణాలే ఎక్కువైనట్టుంది. వారసత్వం అని బోర్డు పెట్టినవి భవనాలు, తోటలు. నాకు మిగతావాటికన్నా గట్టిగా కనిపించింది మాత్రం, కరిగిన ఆల్పన తెల్లారి మళ్లీ వేసే ఆ అలవాటు.

కాబట్టి వెళ్తే శ్రావణంలో వెళ్లండి. ఆ ఏడాది తేదీలేవో విశ్వభారతి ప్రకటనలో చూసుకుని, ముందురోజు మధ్యాహ్నానికి చేరేలా రైలు పెట్టుకోండి. బుధవారం విశ్వభారతికి వారపు సెలవు, ఠాగూర్ మ్యూజియం కూడా ఆ రోజు తెరవరు. తెల్లబట్టలు పెట్టెలో పెట్టుకోకండి, ఆ ఎర్రమట్టి మరక ఉతికితే పోదు.