బకెట్ ఒలికిన రాత్రి

నాది మదనపల్లె. అక్కను కుప్పానికి ఇచ్చారు. మామది పుంగనూరు. ముగ్గురికీ రాసే పిచ్చి. నేను టమాటా మార్కెట్ కబుర్లు రాస్తాను. మామ తన పొట్టి పుంగనూరు ఆవుల గురించి రాస్తాడు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే కుప్పంలో కూర్చుని అక్క మా అవ్వ మాటల్ని పోగేస్తుంది.

మూడు డొమైన్లు ఎందుకని ఒకటే కొన్నా. అమెజాన్ ఎస్3 బకెట్‌ను నేరుగా వెబ్‌సైట్‌లా చూపించే వీలు 2011 నుంచీ ఉంది. ఒక బకెట్ తెరిచి, ఊరికో ఫోల్డర్ పెట్టా. ఒక్కోదాంట్లో ఇండెక్స్ పేజీ ఉంటే చాలు, డొమైన్ పక్కన ఊరి పేరు కొడితే ఆ బ్లాగు వచ్చేస్తుంది. మావన్నీ స్టాటిక్ పేజీలే. ముందే వండిపెట్టిన అన్నం లాంటివి, అడిగినవాళ్లకు వడ్డించడమే. నెల బిల్లు రెండు టీల ఖర్చు దాటలేదు.

"బకెట్ అంటే నీళ్ల బకెట్టేనా రా?" అని మామ నవ్వాడు. ఒలికిపోతుందని అప్పుడు తట్టలేదు.

ఒక రాత్రి నా కొత్త పేజీలు ఎక్కిస్తున్నా. 'సింక్' కమాండ్‌కి 'డిలీట్' తగిలిస్తే, మన దగ్గర లేని ఫైళ్లను అక్కడా తీసేస్తుంది. నిద్రమత్తులో చివర నా ఫోల్డర్ పేరు కొట్టడం మర్చిపోయా. నా కంప్యూటర్‌లో పుంగనూరు, కుప్పం లేవు కదా! రెండూ తుడిచిపెట్టుకుపోయాయి. పాత కాపీలు దాచే వెర్షనింగ్‌ను మనమే ఆన్ చేసుకోవాలి. నేను చేయలేదు.

మామ రాతలు ఆయన ఫోన్‌లో ఉన్నాయి. అక్క లాప్‌టాప్ మాత్రం ముందు నెలే పాడైంది. బకెట్‌లో ఉన్నాయిలే అనే ధైర్యంతో ఉంది. అవ్వ పోయి అప్పటికి ఏడాది.

ఫోన్ చేసి చెప్పా. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తిట్టేది రేపు తిడతాలే. అవ్వ వాయిస్ మెసేజ్‌లు నా వాట్సాప్‌లో ఉన్నాయి. పంపిస్తా, నువ్వే టైప్ చెయ్" అంది.

ఎన్నో ఆదివారాలు అవ్వ గొంతు వింటూ కూర్చున్నా. చాలావరకు తిరిగొచ్చాయి. అవ్వ పక్కన కూర్చుని అక్క విని రాసుకున్నవి మాత్రం రాలేదు.

ఇప్పుడు వెర్షనింగ్ ఆన్‌లో ఉంది. ఎవరి తాళం వాళ్ల ఫోల్డర్‌కే పనిచేస్తుంది. అసలు ఫైళ్లు ముగ్గురి దగ్గరా ఉన్నాయి. ఒకే డొమైన్ కింద నలుగురి రాతలు పెట్టేవాళ్లు ఈ మూడూ మొదటిరోజే చేసుకోండి.

టైపింగ్ ఎప్పుడో అయిపోయింది. అయినా ఆదివారం వస్తే అవ్వ మెసేజ్ ఒకటి వింటాను.